సర్వర్ల కాపలాకు తలకిందుల చిట్కాలు

ముందు అలర్ట్‌లు తీసేయండి. ఒకటీ అరా కాదు, చాలావరకు. సీపీయూ 90 శాతం దాటింది, మెమరీ 80 దాటింది అంటూ రాత్రంతా ఫోన్ మోగుతుంటే, కొన్నాళ్లకు దాన్ని సైలెంట్‌లో పెట్టి పడుకోని అడ్మిన్ ఉండడు. అది బద్ధకం కాదు, ఒంటికి నిద్ర కావాలి. ఇది మోగితే ఎవరు లేచి ఏం చేయాలి అని ఒక్కో అలర్ట్‌నీ నిలదీయండి. జవాబు లేనిదాన్ని గ్రాఫ్‌లో ఉంచండి, ఫోన్‌కి మాత్రం రానివ్వకండి.

అన్నీ పచ్చగా కనిపిస్తున్న రోజునే కంగారు పడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశారు. బ్యాకప్ కోసం వెతికితే, దాన్ని దాచాల్సిన అమెజాన్ ఎస్3 బకెట్ ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, దాన్ని కాపీ తీసే పీజీ డంప్ మాత్రం 9.2. అందుకే బ్యాకప్ జాబ్ ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు బయల్దేరాయి కూడా. వాటికి సరైన డిజిటల్ సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అదే ఇంజనీరు వేరే పని మీద ఆరు గంటల ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి సరిపోయింది. అయినా ఆ ఆరు గంటల డేటా దక్కలేదు.

అందుకే, ఫెయిలైతే చెప్పమని జాబ్‌కి పురమాయించకండి. పని సవ్యంగా జరిగిందని రోజూ చెప్పమనండి. కబురు రాని రోజున మోగే గంట ఇంకోచోట పెట్టండి. ఇంకోచోట అంటే పక్క ర్యాక్ కాదు, మీ సర్వర్లతో ఏ లంకే లేని చోటు. ఆ ఏడాదే ఫిబ్రవరి 28న వర్జీనియాలో అమెజాన్ ఎస్3 కుప్పకూలింది. సేవల పరిస్థితి చూపించే పేజీని మార్చే సాధనం కూడా ఎస్3 మీదే ఆధారపడింది కాబట్టి, దాదాపు రెండు గంటలపాటు ఆ పేజీలో ఒక్కో సేవ పరిస్థితిని మార్చే వీలే లేకపోయింది. చివరికి కంపెనీ ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది.

డిస్క్ తనకు తాను ఇచ్చుకునే సర్టిఫికెట్ నమ్మకండి. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ (SMART) రిపోర్టులో పైనే ‘పాస్డ్’ అని ఉంటుంది. అక్కడ ఆగకుండా కిందికి రండి. 5వ నంబరు వరుసలో రీఅలొకేటెడ్ సెక్టర్లు, 197లో పెండింగ్ సెక్టర్లు. కుడి చివర సున్నా ఉండాల్సిన చోట అంకె కనిపించి, వారం తర్వాత అది పెరిగిందా, పైన ఏం రాసి ఉన్నా ఆ డిస్క్ మార్చేయండి. అంకెలు శుభ్రంగా ఉన్నాయని నిశ్చింతగానూ ఉండకండి. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ వాళ్లు 2007లో వెలువరించిన పేపర్ ప్రకారం, పాడైనవాటిలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత సంగతి పక్కన పెడితే, ముందుగా ఏ స్మార్ట్ హెచ్చరికా ఇవ్వలేదు.

ఒకే పెట్టెలోంచి తీసిన డిస్కులన్నీ ఒకే రెయిడ్‌లో వేయకండి. కొనుగోళ్ల విభాగం ఒకే బిల్లు కావాలంటుంది, మీరు పట్టుబట్టండి. కొన్ని ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ లోపం వల్ల 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, డేటా కూడా తిరిగి రాదని 2019 నవంబరులో హెచ్‌పీఈ ప్రకటించింది. లెక్కేస్తే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు ఆన్ చేసినవి ఇంచుమించు ఒకేసారి పోతాయి. అప్పుడు ఏ రెయిడ్ కాపాడుతుంది? డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో, ఫర్మ్‌వేర్ ఏ వెర్షనో కూడా మీ నిఘాలోకి తెచ్చుకోండి.

ఇక అందరూ వద్దనేది. పట్టపగలు, మనుషులంతా సీట్లలో ఉండగా, బాగా పనిచేస్తున్న డిస్కును మీ చేత్తో లాగండి. ముందు బ్యాకప్‌ని రీస్టోర్ చేసి చూసుకోండి, రెయిడ్‌లో మిగతా డిస్కులన్నీ బాగున్నాయని తేల్చుకోండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల కేయాస్ మంకీ ఇలాగే పని వేళల్లో నడుస్తున్న సర్వర్లను ఆపేస్తుంది. 2012లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు కూడా.

ఎందుకింత సాహసం అంటారా? రెయిడ్-5లో ఒక డిస్క్ పోతే వాడేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. ట్రే మీద నారింజ రంగు లైటు వెలుగుతుంది, కంట్రోలర్ కీచుమంటుంది. ఏసీ హోరులో ఆ కీచు ఎవరికీ వినపడదు. వినపడ్డవాళ్లు సైలెన్స్ నొక్కి వెళ్లిపోతారు. రెండో డిస్క్ పోయిన రోజున మొదటిది ఎప్పుడు పోయిందో చెప్పేవాళ్లుండరు. అందుకే డిస్క్ లాగిన వెంటనే టైము రాసుకుని, ఫోన్‌కి కబురు ఎన్ని నిమిషాలకు వస్తుందో చూడండి. వచ్చినా రాకపోయినా డిస్క్ తిరిగి పెట్టి, రీబిల్డ్ పూర్తయ్యేదాకా ఇంకేమీ ముట్టుకోకండి. కబురు రాకపోయి ఉంటే, ఆ తర్వాత అది ఎక్కడ ఆగిపోయిందో వెతకడం మొదలుపెట్టండి.