క్రియకు తగిలించిన ఎస్

పిల్లలు పుస్తకం పట్టుకొచ్చి అడిగితే "నాకు తెలియదమ్మా" అనడం ఎంత కష్టమో మీకూ తెలుసు. ఆ మాట నా నోటా రాలేదు.

దర్శిలో కల్లాల నిండా మిరపకాయలు ఆరుతున్న రోజులు. ఎవరు కలిసినా గుంటూరు యార్డు ధర మాటే. పదో తరగతి చదువుతున్న పక్కింటమ్మాయి 'ధర పుంజుకోవాలి' అన్నదాన్ని ఇంగ్లీషులో రాసి తెచ్చింది: ది ప్రైస్ షుడ్ పిక్ అప్. "సరిగ్గా ఉందా బాబాయ్?" అంది.

లక్షణంగా ఉంది. అవునని పంపేస్తే సరిపోయేది. కానీ వాళ్ల నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు, నేనేం చెప్తానోనని చెవులు రిక్కించాడు, అంతే, పెన్ను లాక్కున్నాను, "ప్రైస్ ఏకవచనం కదమ్మా, ఎస్ ఏదీ?" అన్నాను, అడ్డంగా కొట్టేసి పిక్స్ అప్ అని దిద్దేశాను! ఆ పిల్ల నమ్మింది. పరీక్షలో అలాగే రాసింది. మార్కు పోయింది.

పేపరు చూపించినప్పుడు నన్ను ఒక్క మాటా అనలేదు. ఊరంతా వినేలా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడు తీశాను వ్యాకరణం పుస్తకం. కెన్, కుడ్, షల్, షుడ్, విల్, వుడ్, మే, మైట్, మస్ట్: ఈ 9 మాటల తర్వాత క్రియ ఉన్నదున్నట్టే ఉండాలి. ఎస్ చేరదు, టు చేరదు. పిక్ అప్ లాంటి జంటమాటలకూ అదే నియమం. జరగకుండా పోయినదాని గురించి చెప్పాలంటే మధ్యలో హావ్ వస్తుంది, పిక్ ఒక్కటే మారుతుంది: షుడ్ హావ్ పిక్డ్ అప్, అంటే పుంజుకోవలసింది. కెన్, మే, షల్ వంటివి చాలా పాతకాలంలో భూతకాల రూపాలు. అందుకే వాటికీ ఎస్ అంటలేదు.

ఇంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. నేను పుంజుకోవాలి, ధర పుంజుకోవాలి, ధరలు పుంజుకోవాలి. కర్త ఎవరైనా మన క్రియ మారిందా? పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషను ఒక్కసారి తలుచుకున్నా నా చెయ్యి ఆగేది.

వాళ్ల నాన్న ఎదుటే ఆ అమ్మాయికి తప్పు నాదని చెప్పాను. ఇప్పుడు ఎవరు పుస్తకం తెచ్చినా "ఉండమ్మా, చూసి చెప్తా" అంటున్నాను. మీరూ అలాగే అనండి. తెలియదంటే మన పరువేమీ పోదు. తెలిసినట్టు దిద్దితే పోయేది వాళ్ల మార్కు.