ఈ ‘కె’ ఎవరండీ?

తీసుకునేటప్పుడు ప్రావిడెంట్ ఫండుకు మనమీద ఎంత నమ్మకమో! జీతంలో నూటికి 12 చొప్పున నెలనెలా కోసుకుంటారు. ‘మీరే సుబ్బారావని రుజువేది?’ అని ఒక్క నెలయినా అడిగిన పాపాన పోరు. అనుమానాలన్నీ తిరిగివ్వాల్సిన రోజుకని దాచిపెడతారు. వాటికీ చక్రవడ్డీ కడతారు కాబోలు, ఆ రోజుకి అసలును మించిపోతాయి.

మా బావగారి పేరు సుబ్బారావే అనుకోండి. 1998లో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరారు. ఆరేళ్లకు అది మూతపడింది. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు. ఆయనకు మిగిలింది ఒకే ఒక్క పే స్లిప్పు. మడతల దగ్గర చిరిగితే టేపు అతికించుకున్నారు. దానిమీద ‘ఏపీ/హెచ్‌వైడీ’తో మొదలయ్యే గొలుసు నంబరు. ఇప్పుడు అడిగేదేమో పన్నెండంకెల యూనివర్సల్ అకౌంట్ నంబరు, యూఏఎన్. అది పుట్టిందే 2014లో. ఈ రెంటికీ పెళ్లిచూపులు ఏర్పాటు చెయ్యలేక రెండేళ్లుగా పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

‘మరిచిపోయిన సొమ్ము’ అని పత్రికలు రాస్తాయి. బావగారు ఒక్కరోజూ మరవలేదు.

పాత రికార్డులో కె.వి. సుబ్బారావు. ఆధార్‌లో కొత్తపల్లి వెంకట సుబ్బారావు. పాన్‌లో ఇంటిపేరు తోకకు చేరింది. ముగ్గురు మనుషులు ఒకే డబ్బుకు ఎగబడ్డారని తేల్చింది కంప్యూటరు.

‘ఈ కె ఎవరండీ?’ అన్నాడు కౌంటర్లో గుమస్తా.

‘ఇంటిపేరండీ.’

‘ఇంటిపేరైతే ముందెందుకుంది?’

తెలుగువాడిగా పుట్టినందుకు సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. దాన్ని జాయింట్ డిక్లరేషన్ అంటారు. యజమాని సంతకం కూడా కావాలి. కంపెనీ మూతపడితే గెజిటెడ్ ఆఫీసరు సంతకమైనా చెల్లుతుందన్నారు. ఆ ఆఫీసరూ కళ్లజోడు సవరించుకుని మొదట అడిగింది అదే: ‘ఈ కె ఎవరు?’

ఇలాంటి ఖాతాలు నిద్రపోయాయంటారు సర్కారువారు. 2011 ఏప్రిల్ నుంచి, మూడేళ్లు చందా పడని ఖాతాకు వడ్డీ ఆపేశారు. డబ్బు వాళ్ల దగ్గరే రాత్రింబవళ్లు పనిచేస్తోంది. నిద్రపోయింది మాత్రం సుబ్బారావట! 2016లో మనసు కరిగి వడ్డీ మళ్లీ వేస్తామన్నారు. అదే ఏడు ఇంకో రూలూ వచ్చింది. నిద్రపోయిన ఖాతాను ఏడేళ్లు ఎవరూ అడక్కపోతే ఆ సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి పోతుంది. అక్కడ చేరాక 25 ఏళ్లలోపు అడగకపోతే ఇక సర్కారుదే. లైన్లో నిలబడ్డ ముసలాయన డబ్బుతో ముసలివాళ్ల సంక్షేమం! ఆయనకే ఇచ్చెయ్యొచ్చు కదా అంటారా? పేరు కలవలేదు మరి.

మొన్నొకరోజు పాత యజమాని ఆచూకీ దొరుకుతుందేమోనని బావగారు ఆ ఫంక్షన్ హాలుకు వెళ్లారు. లోపల పెళ్లి. గేటు దగ్గర చేతిలో ఫైలుతో తచ్చాడుతుంటే ఎవరో కుర్రాడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బంతిలో కూర్చోబెట్టాడట. ఆధార్ అడగలేదు, పాన్ అడగలేదు.

‘పులిహోర ఇంకొంచెం వెయ్యమంటారా బాబాయిగారూ?’ అని మాత్రం అడిగాడట.