అందలేదన్నవారిదే మాట

మన దేశంలో పోస్టు చేసింది అందినట్టా కాదా అన్నది ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చూడండి. కేంద్ర చట్టాల కింద పంపే నోటీసుకి చిరునామా సరిగ్గా రాసి, రుసుము కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో వేస్తే చాలు, కాదని మీరు రుజువు చేసేదాకా అది మీ చేతికి వచ్చినట్టే లెక్క. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షన్ మనసు ఇంకా పెద్దది. కొన్నవాడికి పంపమని రవాణాదారుకు సరుకు అప్పగిస్తే, పైకి చూసినంతలో కొన్నవాడికే అప్పగించినట్టని అది అంటుంది. ఈ రెండూ చదివిన కొండపల్లి బొమ్మల వ్యాపారి ఎవరైనా ఉంటే, పాపం, ఆన్‌లైన్లో అమెరికాకి అంబారీ ఏనుగు అమ్మి, పోస్టాఫీసు రసీదు జేబులో పెట్టుకుని, చట్టం తన వెనకే ఉందని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతాడు. నెల తిరిగేసరికి ‘వస్తువు అందలేదు’ అని ఒక్క ముక్క వస్తుంది. ఆ ముక్కతో పాటే డబ్బూ వెనక్కి పోతుంది. ఏనుగు పోయింది, తోకైనా చిక్కలేదు.

ఎవరు ఎవర్ని మోసం చేశారని ఆరా తీసేముందు, ఆ పొట్లం వెళ్ళిన తీరు చూడాలి. కొండపల్లి బొమ్మ చెక్కే తెల్లపొణికి కర్ర చాలా తేలిక. అట్టపెట్టెతో కలిపి తూచినా, రెండు కిలోల లోపు వెళ్ళే చిన్న పొట్లంలో హాయిగా ఇమిడిపోయేది. 2025 దాకా మన విదేశీ తపాలాలో చవకైన దారి అదే, ట్రాకింగ్ లేని దారీ అదే. పొట్లం మీద అంటించే సీఎన్ 22 అనే ఆకుపచ్చ చీటీ అరచేతంత ఉంటుంది. లోపల ఉన్నదేమిటి, ఎన్ని, బరువెంత, విలువెంత, ఏ దేశపు సరుకు, సుంకాల పట్టీలో దాని నంబరేమిటి, కానుకా అమ్మకమా అన్నీ ఆ కాసింత చోటులో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. 2021 నుంచి ఈ వివరాలన్నీ పొట్లం కంటే ముందే కంప్యూటర్ల ద్వారా అవతలి దేశానికి చేరాలన్నది అంతర్జాతీయ నియమం. ప్రపంచ తపాలా సంఘం ప్రమాణం ప్రకారం పొట్లం మీద ఒక బార్‌కోడ్ కూడా ఉండాలి. ముందు రెండక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తు. ‘ఆర్’తో మొదలైతే రిజిస్టర్డ్, ‘ఈ’తో మొదలైతే స్పీడ్ పోస్టు. ‘యు’తో మొదలైతే మాత్రం ఇది కస్టమ్స్ వారి కోసం, ట్రాకింగ్ కోసం కాదు అని. అంటే పొట్లానికి నంబరు లేక కాదు. సుంకం వేయడానికి దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి కాబట్టి నంబరు ఇచ్చారు, దారి తప్పితే వెతికే పని పెట్టుకోలేదు కాబట్టి ట్రాకింగ్ ఇవ్వలేదు. పొట్లం గురించి అన్నీ తెలిసిన వ్యవస్థకి, అది ఎక్కడుందో ఒక్కటే తెలియదు.

ఇప్పుడు తగాదాకొద్దాం. పంపాను అంటాడు అమ్మినవాడు. రాలేదు అంటుంది కొన్నామె. తమాషా ఏమిటంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవలసిన అవసరం ఎక్కడా లేదు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన మూడోవాడు ఒకడున్నాడు, పొట్లాన్ని మోసినవాడు. వాణ్ణి ఈ విచారణకి ఎవరూ పిలవరు. ధాన్యం బస్తా దారిలో పోతే, పంపినవాణ్ణీ అందుకోవలసినవాణ్ణీ రచ్చబండ దగ్గర నిలబెట్టి, బండివాణ్ణి మాత్రం ‘నువ్వింటికి పోయి పడుకో’ అన్నట్టుంది పంచాయితీ. 1898 నాటి పోస్టాఫీసు చట్టం 6వ సెక్షన్, పోయినా, ఆలస్యమైనా, పాడైనా, తప్పుడు ఇంటికి చేరినా, ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప ప్రభుత్వానికి బాధ్యత లేదని శాసించింది. అది వలసపాలన నాటి చట్టమని, దాని స్థానంలో 2023లో కొత్త చట్టం చేసి, 2024 జూన్ 18 నుంచి అమలులో పెట్టారు. వలస వాసనలన్నీ వదిలాయి గానీ, 10వ సెక్షన్‌లో ఈ రక్షణ మాత్రం నిక్షేపంగా ఉంది. దొరల కాలంలో బాధ్యత లేకపోవడం దాష్టీకం, మన కాలంలో అయితే సంస్కరణ. దేశం దాటాక అయినా ఆదుకుంటారేమో అనుకుంటే, 1874లో బెర్న్‌లో కూడి ప్రపంచమంతా ఒకే తపాలా ప్రాంతమని తీర్మానించిన దేశాలు కూడా రిజిస్టర్డ్‌కీ, ఇన్సూరెన్సుకీ, పార్శిల్‌కీ పరిహారం రాసుకున్నాయి గానీ మామూలు పొట్లాన్ని దాని ఖర్మకి వదిలేశాయి.

కొన్నవాళ్ళని నమ్మకపోతే ఎలా అంటారు. నమ్మవలసిందే. రాలేదని రుజువు చేయడం బ్రహ్మతరం కూడా కాదు, లేనిదాన్ని ఫొటో తీయలేరు కదా. బ్రిటన్ 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, సరుకు కొన్నవారి చేతిలో పడేదాకా నష్టభయం వ్యాపారిదే అంటుంది. వేల మైళ్ళ అవతల ఉన్న ముక్కూమొహం తెలియని అంగడికి ముందే డబ్బు కట్టిన మనిషికి ఆ మాత్రం ధీమా లేకపోతే ఈ బేరమే పుట్టదు. కాబట్టి నష్టం కొన్నామె మీద పడకూడదన్నది ఒప్పుకుందాం. ఒప్పుకున్నాక, మిగిలిన అందరిలోకీ అది అమ్మినవాడి నెత్తినే ఎందుకు పడాలి అన్న ప్రశ్న మిగులుతుంది. ఈబే, ఎట్సీ వంటి వేదికలు బొమ్మ ధర మీదే కాదు, కొన్నామె కట్టిన పోస్టేజీ మీద కూడా కమీషన్ పుచ్చుకుంటాయి. రవాణాలో వాటా ఉంది, ట్రాకింగ్ లేని పొట్లం పోతే ఆ నష్టంలో మాత్రం సాధారణంగా లేదు. వడ్డించినంతా తిని ఇస్తరి తీసే వేళకి మాయమయ్యే చుట్టరికం ఇది.

గడువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పేపాల్‌లో ఫిర్యాదుకి 180 రోజులు, వీసా కార్డు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకునే ఛార్జ్‌బ్యాక్‌కి సాధారణంగా 120 రోజులు. అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపు ఎత్తేస్తే, 2025 ఆగస్టు చివర్లో మన తపాలా శాఖ అక్కడికి పొట్లాలు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు మధ్యలో మళ్ళీ మొదలుపెట్టింది. సుంకాల పేచీ తెగేదాకా కొన్నామె గడియారం ఆగి ఎదురుచూడదు.

సరే, అంత గోల ఎందుకు, ట్రాకింగ్ కొనుక్కోవచ్చు కదా అనేది పెద్దమనుషుల సలహా. నిజమే, స్పీడ్ పోస్టు ఉంది. రెండు కిలోల లోపు పొట్లాలకి అంతకంటే చవకగా ట్రాక్ అయ్యే అంతర్జాతీయ ప్యాకెట్ సేవ కొన్ని దేశాలకి ఉంది. ఉన్నచోటికి అదే వాడుకోవాలి, అందులో వాదన లేదు. లేనిచోటికి స్పీడ్ పోస్టు లాంటిదే గతి, చిన్న బొమ్మకైతే ఆ ఖర్చు చాలాసార్లు బొమ్మ ధరనే దాటుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్న లెక్క ఇక్కడ తలకిందులు. కానీ అసలు కిటుకు ధరలో లేదు. ఆ అదనపు సొమ్ముతో మనం కొనేదేమిటి? పొట్లం క్షేమంగా చేరడమా? కాదు. పొట్లం చేరిందని చెప్పే కంప్యూటర్ తెర మీది గీతని. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు పాత మోసం ఒకటి తెలుసుకోవాలి. దొంగ అంగడివాడు కొన్నామె డబ్బు పుచ్చుకుని, ఆమె ఉండే ఊరికే, అదే పిన్‌కోడ్‌లో ఇంకెవరి ఇంటికో, పైసా విలువ చేయని కాగితం కవరు ట్రాకింగ్‌తో పంపుతాడు. కవరు ‘డెలివరీ అయింది’. ఊరు సరే, తేదీ సరే, స్కాన్ సరే. వేదిక తీర్పు దొంగకే. అమెరికా ఇళ్ళ గుమ్మాల ముందు పెట్టివెళ్ళిన పార్శిళ్ళు చోరీ కావడం కూడా ఇలాంటిదే. స్కాన్ పడింది కాబట్టి అమ్మినవాడు గెలుస్తాడు, ఆమెకి మాత్రం వస్తువు లేదు. ట్రాకింగ్ లేకపోతే వచ్చిన వస్తువు రానట్టు, ఉంటే రాని వస్తువు వచ్చినట్టు. అందిందా లేదా అన్న ప్రశ్న రెండు చోట్లా ఎవరూ అడగలేదు. కాగితం ఎవరి దగ్గరుందని మాత్రమే అడిగారు. అలాంటప్పుడు బొమ్మలు చెక్కే శ్రమ దేనికి? నాలుగు స్కాన్లు చెక్కి పంపితే పోలా!

నష్టాన్ని ముందే లెక్కవేసి ధరలో కలుపుకోమని వ్యాపారశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. నూటికి ఇన్ని పోతాయని తెలిస్తే మిగతావాటి మీద అంత పెంచాలి, అంతే కదా అని. వేలకొద్దీ పొట్లాలు పంపే పెద్ద కంపెనీకి ఇది సరిగ్గా సరిపోతుంది. సరాసరి అన్నది ఎక్కువ సరుకు ఉన్నవాడికే మేలు చేస్తుంది. నెలకి పది బొమ్మలు అమ్మే ఇంట్లో ఒకటి పోతే సరాసరి లెక్క వేయడానికి ముందు రంగుల డబ్బాకి డబ్బుండాలి. పైగా ఫిర్యాదులు ఎక్కువైతే వేదికలు అంగడిని వెనక వరుసలోకి నెట్టేస్తాయి, అమ్మినవాడు కిమ్మనకుండా రీఫండ్ ఇచ్చేది అందుకే. ఊరెళ్ళే దారిలో దొంగలకి ఇచ్చే మామూలు కూడా ఒకప్పుడు ఇలాగే ధరలో కలిసేది. దాన్ని వ్యాపారశాస్త్రం అని మాత్రం పిలిచేవారు కాదు.

ఇంత జరిగాక, పోయిందనుకున్న పొట్లం ఒక్కోసారి తీరిగ్గా గమ్యం చేరుతుంది. ఏ గోదాములోనో నెలల తరబడి విశ్రాంతి తీసుకుని, ఒక మూల నలిగి, అంబారీతో సహా గుమ్మంలో దిగుతుంది. అప్పటికి డబ్బు వెనక్కి ఇచ్చేశారు, కేసు మూసేశారు, అమ్మినవాడి ఖాతాలో ఒక నల్లచుక్క పడింది. ‘అందలేదు’ అని నొక్కడానికి బటన్ ఆర్డర్ పక్కనే, కళ్ళు మూసుకున్నా దొరికే చోట ఉంటుంది. ‘ఇప్పుడు అందింది, డబ్బు తీసుకోండి’ అని చెప్పాలంటే మాత్రం కొన్నామె ఓపిగ్గా కూర్చుని, ఏ దేశంలోనో ఉన్న మనిషికి, ఎవరూ అడగని ఉత్తరం ఒకటి తనంతట తాను రాయాలి.