బానెట్ బాబాయిగారు

పటమటలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఏ కారు బానెట్ లేచినా, ఆ చప్పుడుకి మూడో అంతస్తు నుంచి ఒక మనిషి దిగుతారు. లుంగీ, చేతుల బనీను, చెవి మీద టెస్టర్. లిఫ్టు కోసం ఆగరు, అదొచ్చేలోగా ఇంకెవరైనా రోగం కనిపెట్టేస్తారేమోనని. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. పిల్లకీ పెద్దకీ ఆయన బానెట్ బాబాయిగారే.

కరెంటాఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేశారు. అకౌంట్స్ సెక్షన్‌లో. ఈ రెండో ముక్క ఆయన చెప్పరు, పిన్నిగారు చెబుతారు.

నాడి చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటారు. ఆయన శాస్త్రంలో రోగాలు మూడే: ఎర్త్ వీకైంది, కార్బన్ పట్టింది, ఎలక కొరికింది. వానాకాలంలో ఈ మూడోది ఒక్కోసారి నిజమైపోతుంది. ఈ అపార్ట్‌మెంటులో ఆయనకున్న పరువంతా ఎలకలు నిలబెట్టిందే.

చుట్టూ జనం ఉండాలి. ఇద్దరే ఉంటే "షెడ్డుకి పట్టుకెళ్లవోయ్" అని ఊరుకుంటారు. నలుగురైతే స్పానర్ తీస్తారు. ఆరుగురు దాటారా, ఇంజను దించేద్దామంటారు. తన కారుకి మాత్రం నిండా కవరు తొడిగి పెట్టుకుంటారు. దాని బానెట్ లేచినట్టు నేనెరగను.

ఆ మధ్య ఒక రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మీ బండెనకాల ఎర్రలైట్లు ఎలుగుతున్నాయండి." తాళం నా జేబులో ఉంది. బండి కదలకుండా నిలబడి ఉంది. ఎవరి లైటు పడి మెరుస్తోందో ఏమో అనుకుని పడుకున్నాను. పొద్దున్నే తాళం తిప్పితే "టిక్" అంది. మళ్లీ తిప్పితే అది కూడా అనలేదు.

బానెట్ ఎత్తాను. ఇంకేం, బాబాయిగారు దిగారు.

పక్క ఫ్లాటాయన బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించేసరికి కారుకి ప్రాణమొచ్చింది, దాంతోపాటే వెనక బ్రేకు లైట్లు భగ్గున వెలిగాయి. కారులో ఎవరూ లేరు, పెడల్ మీద కాలు లేదు. అప్పటికి జనం ఐదుగురు. బాబాయిగారు వెనకద్దం మీది దుమ్ములో వేలితో లెక్క కట్టారు. ఒక్కో బల్బు 21 వాట్లు, రెండింటికి 42. 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు. 35 ఏహెచ్ బ్యాటరీ పది గంటల్లో ఖాళీ. "చావక ఏం చేస్తుంది మరి!" అన్నారు. లెక్కకి వంక పెట్టడానికి లేదు, అకౌంట్స్ మనిషి. ఎందుకు వెలుగుతున్నాయన్నది మాత్రం ఆ దుమ్ములో ఎక్కడా లేదు.

"ఎర్త్ వీకు" అని తేల్చి రెండు బల్బులూ ఊడబీకారు. ఒక్కో బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయనీ, 5 వాట్లది రాత్రి వెలిగేదనీ, 21 వాట్లది బ్రేకుదనీ పిల్లలకి పాఠం చెప్పారు. అదీ నిజమే. లైట్లు ఆరాయి. "చూశావా!" అని ఇటు తిరిగారు. ఆయన వీపు వెనక, అద్దం లోపల, పైనుండే మూడో బ్రేకు లైటు నిక్షేపంగా వెలుగుతోంది.

ఇదంతా చేయించేది బ్రేకు లైటు స్విచ్చి, బొటనవేలంత ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మూస్తే బొత్తాం నొక్కుకుని లోపలి దీపం ఆరిపోతుందే, అదే కిటుకు. బ్రేకు పెడల్ తన చోట తాను ఉన్నంతసేపూ ఆ స్విచ్చి బొత్తాం నొక్కుకుని ఉంటుంది, లైటు ఉండదు. పెడల్ తొక్కితే బొత్తాం బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది. చిక్కల్లా అదుండే చోటుతోనే. డాష్‌బోర్డు కింద, పెడల్ మెడ దగ్గర. చూడాలంటే తల స్టీరింగు కిందికి, కాళ్లు తలుపు బయటికి పెట్టి వెల్లకిలా దూరాలి. అలా దూరినవాడి పాండిత్యం ఎవరికీ కనిపించదు, పాదాలు కనిపిస్తాయి.

ఆటోనగర్ నుంచి ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చాడు. వస్తూనే డ్రైవరు తలుపు తీశాడు.

"బానెట్ ఇటు నాయనా," అన్నారు బాబాయిగారు.

"దాంతో పని లేదండి."

ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన్ని అంత మాట ఎవరూ అని ఉండరు. కుర్రాడు కిందకి దూరి స్విచ్చి కప్లర్ పీకాడు. మూడో లైటు ఠక్కున ఆరింది. వైరింగు బాగానే ఉందన్నమాట. మళ్లీ తగిలించి, బొత్తాం వేలితో నొక్కాడు. ఒకసారి ఆరింది, ఒకసారి ఆరలేదు. "రెండండి," అంది గొంతు లోపల్నుంచి. "పెడల్ కన్నంలో ప్లాస్టిక్ బిళ్ల ఉండాలి, రాలిపోయింది. స్విచ్చి బొత్తాం ఆ కన్నంలోకి దూరిపోతోంది. రాత్రంతా వెలిగి స్విచ్చి లోపల కూడా కాలింది. ఫ్యూజు పీకేసుంటే బ్యాటరీ అయినా మిగిలేదండి."

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. "మొన్న మ్యాటు దులిపితే నీలం ప్లాస్టిక్ పలుకులు రాలాయి. బాబిగాడి బొమ్మదనుకుని చెత్తలో పోశాను."

కొత్త స్విచ్చి పావు చుట్టు తిప్పి బిగించడానికి, కొత్త బిళ్ల నొక్కడానికి పది నిమిషాలు. బాబాయిగారు పీకిన బల్బులు పెట్టడానికి ఇంకో పదిహేను, ఒకటి ఆయన లుంగీ మడతలో దొరికింది కాబట్టి.

"మా రోజుల్లో ఆ స్విచ్చి బ్రేకు ఆయిలు లైన్లో ఉండేదోయ్, బానెట్ కిందే," అన్నారాయన మెట్లెక్కుతూ, నెమ్మదిగా. అది బొంకు కాదు. పాత కార్లలో చాలావాటికి ఆయిలు ఒత్తిడికి పనిచేసే స్విచ్చే ఉండేది. పాపం, ఆయన ఎక్కడ వదిలిపెట్టారో అక్కడే వెతుకుతున్నారు.

నాలుగు రోజులు చప్పుడు లేదు. ఐదో రోజు తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం దిగితే, సెల్లార్ చివర ఒక కారుకి కవరు లేదు. డ్రైవరు తలుపు తీసుంది. తలుపులోంచి ఒక లుంగీ, రెండు పాదాలు. వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, వెలుగుతున్నాయి. దరిదాపుల్లో పురుగు లేదు.

చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాను. చెప్పు జారింది.

"ఎవరయ్యా అదీ!" అంది డాష్‌బోర్డు కింద నుంచి గొంతు. "అక్కడే నిలబడు. వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ."

"ఇప్పుడూ?"

"ఆరిందండీ."

"వాచ్‌మన్‌ని కూడా పిలువు," అన్నారు బాబాయిగారు.