అన్నదమ్ముల బంధం... పక్కింటివాడి కొడుక్కి!

బారక్‌లో పుట్టిన స్నేహం రక్తసంబంధాన్ని మించిందట. దక్షిణ కొరియాలో వేదికెక్కిన పెద్దలు గుండె మీద చెయ్యేసుకుని చెప్పే మాట. అంత గొప్ప బంధం తమరి గడప ఎందుకు తొక్కలేదు సార్?

చట్టం అందరికీ ఒకటే. ఒళ్లు బాగున్న ప్రతి మగపిల్లాడూ సైన్యానికి వెళ్లాలి. ఆర్మీలో అయితే ఇప్పుడు 18 నెలలు. నోన్‌సాన్ శిక్షణ కేంద్రంలో కొత్త కుర్రాళ్లను జట్లుగా కట్టేస్తారు. జట్టు వెంట లేనిదే మరుగుదొడ్డికీ కదలకూడదు! నిన్నటిదాకా ముక్కూమొహం తెలియనివాడు ఇవాళ నీ కడుపునొప్పికి కాపలా. ఆదివారం గుడికెళ్లాలా, చర్చికెళ్లాలా? ఎక్కడ చాకోపై అనే చాక్లెట్ కేకు పెడితే ఆ వారానికి అదే మతం. దోస్తీ పుట్టేది ఇక్కడే. ఆకలిలోంచి, అవమానంలోంచి. ఇందులో సర్కారువారి పెట్టుబడి ఎంత? గుండు గీసిన మిషన్ ఖర్చు!

సరే, పెద్దింటి ఆరోగ్యాలు చూద్దామా? లీ మ్యుంగ్-బాక్‌కు ఊపిరితిత్తుల జబ్బన్నారు, సైన్యానికి పంపకుండా వదిలేశారు. దేశాన్ని ఐదేళ్లు ఏలడానికి మాత్రం ఆ ఊపిరి చాలింది. యూన్ సుక్-యోల్‌కు రెండు కళ్ల చూపులో తేడా. అధ్యక్ష పీఠం రెండు కళ్లకూ బాగానే ఆనింది. లీ హోయ్-చాంగ్ కొడుకులిద్దరూ బరువు తక్కువట. పెద్దబ్బాయి ఎత్తు 179 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు! 1997 అధ్యక్ష ఎన్నికల్లో ఓటర్లు తండ్రినే కాటాలో వేసి ఇంటికి పంపారు. అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్‌ను ఈ జాబితాలో కలపను. చిన్నతనంలో ఫ్యాక్టరీ యంత్రం కింద చెయ్యి నలిగినవాడాయన. పేదింటి రోగం నిజం రోగం.

మరి లోపలికెళ్లిన పిల్లల సంగతి? 2014 ఏప్రిల్‌లో 28వ డివిజన్‌లో ఓ కుర్ర సిపాయిని సీనియర్లే కొట్టి చంపారు. తిండి గొంతుకు అడ్డుపడి పోయాడంది సైన్యం. పాపం, నేరం తిండిది! జూలై ఆఖర్న సైనిక మానవ హక్కుల కేంద్రం గుట్టు విప్పేదాకా అసలు సంగతి లోకానికి తెలీదు. ఆగస్టులో సైన్యాధిపతి కుర్చీ దిగారు. ఘటన నాటి రక్షణ మంత్రో? అప్పటికే జాతీయ భద్రతా కార్యాలయానికి అధిపతి అయి కూర్చున్నారు. బంధం కుర్రాళ్లది, ప్రమోషన్ పెద్దలది.

ఇక 2024 డిసెంబర్ 3. సిపాయి చొక్కా తొడగని యూన్‌గారు రాత్రికి రాత్రి మార్షల్ లా ప్రకటించి, పార్లమెంటు మీదికి సైనికుల్ని తోలారు. జనం అడ్డం నిలబడ్డారు. సైనికులు పని మొక్కుబడిగా కానిచ్చారు. ఈ మాట నాది కాదు, 2025 ఏప్రిల్ 4న ఆయన పదవి ఊడబీకుతూ రాజ్యాంగ న్యాయస్థానమే గుర్తించింది. బారక్‌లో పట్టుమని పది రోజులు పడుకుని ఉంటే ఆయనకు ముందే తెలిసేది: పనికిమాలిన ఆర్డరు వస్తే కాళ్లెలా ఈడ్చాలో అక్కడ పక్కమంచంవాడే నేర్పిస్తాడు. ఫీజు ఒక చాకోపై.