బాబాయి అటక

మా బాబాయిని తేదీ అడక్కూడదు. అడిగితే తేదీ కంటే ముందు తుపాను వస్తుంది.

ఓసారి ఏదో ఫారం నింపుతూ, "బాబాయ్, అక్క పుట్టింది ఎప్పుడు?" అన్నాను. కళ్లు మూసుకున్నాడు.

"దివిసీమ ఉప్పెన 77 నవంబరు. ఆ వారమే మన ఎర్రగేదె ఈనింది. జున్నంతా మీ అత్త ఒక్కతే తినేసింది. తర్వాత స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊరంతా కోళ్లు కోసుకు తిన్నామా, అప్పటికి అదే గేదె మళ్లీ చూడితో ఉంది. దానికి తవుడు కలుపుతుంటే ఆడపిల్లని కబురొచ్చింది. రాసుకో, 79 జులై."

అక్క పుట్టిన నెల తేలింది. మధ్యలో అత్త పరువు పోయింది.

లోకజ్ఞానం వేరు, సొంత అనుభవాల జ్ఞాపకం వేరు అని 1972లో ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వవేత్త విడదీసి చెప్పాడు. బాబాయి బుర్రలో ఆ గోడ కట్టలేదు. చరిత్రంతా మా గేదె చుట్టూనే నడిచింది. అటక మీది జాడీ దించబోతే పాత పరుపు, విరిగిన ఉయ్యాల, ఓ తేలు కలిసి మీద పడ్డట్టుంటుంది ఆయన్ని ఏదడిగినా.

పేర్లదీ అదే వరస. నన్ను పిలవాలంటే "ఒరే శీనూ, రాజా, బుజ్జీ, టామీ..." అంటూ వస్తాడు. ఇంట్లోవాళ్ల పేర్లన్నీ మెదడు ఒకే మూట కడుతుందట. సరే, కట్టనీ. ఆ మూటలో నేను కుక్క తర్వాతా?

పోనీ మతిమరుపనుకుందామా అంటే, 92 కృష్ణా పుష్కరాల్లో నేను పారేసిన గొడుగు, దాని పిడి రంగుతో సహా ఇప్పటికీ గుర్తే. హుద్‌హుద్ తుపాను ముందు నా దగ్గర తీసుకున్న ఐదు వేలు మాత్రం ఆ గాలికే ఎగిరిపోయాయి. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషితో ఏం వాదిస్తాం! పైగా ఆయన లేకపోతే మా ఇంట్లో సగం పుట్టినరోజులకు దిక్కులేదు.

మొన్న మావాడు అడిగాడు: "నాన్నా, నేను ఎన్నింటికి పుట్టాను?"

"2011 వరల్డ్ కప్ ఫైనల్ రోజురా. ధోనీ సిక్సర్ కొట్టాడు, ఆస్పత్రి కింద టీకొట్టు టీవీ ముందు ఎగిరి గంతేశాం, చేతిలో టీ ఒలికింది, అప్పుడే నర్సు కేకేసింది. రాసుకో, రాత్రి పదకొండు."

నేను లేబర్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడ్డానని ఇన్నేళ్లుగా నమ్ముతున్న మనిషి చేతిలో, వంటింట్లో గరిటె ఆగింది.