ముల్లు లేస్తే ఊరంతా మెకానిక్కులే

మా చందుర్తిలో బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడితే చాలు, పిలవకుండానే జనం పోగవుతారు. మనిషికి జ్వరమంటే "తగ్గుతది తియ్యి" అని సాగిపోయేవాళ్లు కూడా బండికి వేడి అంటే బైకు స్టాండు వేసి మరీ దిగుతారు.

మా బామ్మర్ది డీజిల్ పికప్పుది వింత రోగం. పొద్దున వేములవాడకు పోతే టెంపరేచర్ ముల్లు సగంలో బుద్ధిగా కూర్చుంటుంది. సాయంత్రం లోడు వేసుకుని రుద్రంగి మీదుగా కోరుట్లకు బయల్దేరితే ఎర్రగీత దాకా లేస్తుంది, మళ్లీ దిగుతుంది, మళ్లీ లేస్తుంది. "బావా, ఆ తొవ్వనే మంచిది కాదు" అని తేల్చేశాడు.

గల్ఫ్ నుంచి వచ్చిన తమ్ముడొకడు "నేను దుబాయ్ ఎండల నడిపిన, నాకు చెప్పకుండ్రి, కూలెంట్ తక్కువున్నది" అన్నాడు. తీసిపారేసే మాట కాదు. నీళ్లు తగ్గి సెన్సర్ దగ్గర గాలి చేరితే, ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగి అబద్ధమాడగలదు. కోతల నుంచి అప్పుడే వచ్చిన ట్రాక్టరాయన, రేడియేటర్ రెక్కల్లో వరిపొట్టు ఇరుక్కుని ఉంటుందన్నాడు. యాసంగిలో అయితే ఆయనకే నా ఓటు. ఇంకొకాయన "తర్మోస్టాట్ పీకి పారెయ్, పీడ పోతది" అన్నాడు. ఈ సలహా మాత్రం మన దగ్గర ఎండాకాలం అంటువ్యాధి. ఆ చిన్న డబ్బీలో మైనం ఉంటుంది. నీళ్లు 80 డిగ్రీలు దాటేసరికి అది కరిగి, ఉబ్బి, రేడియేటర్ దారి తెరుస్తుంది. పీకేస్తే చలికాలం పొద్దున ఇంజిన్ వేడెక్కదు, డీజిల్ మాత్రం తాగుతుంది.

చివరగా ఒక పెద్దాయన గొంతు తగ్గించి "హెడ్ గ్యాస్కెట్ లేసినట్టున్నది బిడ్డా" అన్నాడు. మా బామ్మర్ది ఆయనకు చాయ్ చెప్పబోతున్నవాడల్లా మానేశాడు.

అసలు మెకానిక్ మాత్రం ఏమీ చెప్పలేదు. చల్లటి ఇంజిన్ మీదే రేడియేటర్ మూత తీసి చూశాడు. వేడి మీద తీయకూడదు. మూత బిగిసి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడికి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, తీశామా, ఆవిరి నేరుగా మొహానికే. నీళ్లు నిండుగా ఉన్నాయి. స్టార్ట్ చేసినా బుడగల్లేవు. ఆయిల్ డిప్‌స్టిక్ లాగి చూస్తే పాల చాయ్ రంగూ లేదు. రేడియేటర్ పై పైపు మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. చాలాసేపు చల్లగా ఉన్న పైపు ఒక్కసారిగా వేడెక్కింది. "వాల్వ్ తెరుసుకున్నది" అన్నాడు. ముల్లు సగంలో ఆగింది.

"ఎప్పుడు లేస్తది?"

"కోరుట్ల తొవ్వల."

"యాడ అని అడుగలే. ఎప్పుడు?"

"పొద్దుగూకినంక."

మెకానిక్ వంగి హెడ్‌లైట్ వేశాడు. ముల్లు ఎగిరి ఎర్రగీత మీద కూర్చుంది. ఆపాడు, దిగింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఎగిరింది. "నీళ్లు గింత జల్ది కాగి, గింత జల్ది సల్లారుతయా సారూ?" అని నన్నడిగాడు. దుబాయ్ తమ్ముడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

తప్పు నీళ్లది కాదు, ఎర్తుది. లైట్ల కరెంటు తిరిగి పోవడానికి సరైన దారి లేక మీటర్‌ను తికమక పెడుతోంది. బ్యాటరీ పక్కన బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. వైరు కొస మీద పచ్చటి చిలుము. మెకానిక్ గరుకు కాగితంతో గీకుతూ అడిగాడు: "ఈడ నీళ్లెట్ల పడ్డయ్?"

మా బామ్మర్ది నావైపు చూశాడు. బండి కొన్ననాడు వేములవాడ రాజన్న గుడిలో పూజ చేయించి, ఇంజిన్‌కు కూడా పుణ్యం దక్కాలని బానెట్ ఎత్తి మరీ కొబ్బరినీళ్లు చల్లింది వాడే. ఆ తర్వాత ప్రతి పండుగకూ చల్లాడు.

బోల్టు మార్చినంక ముల్లు కదల్లేదు. మా అత్తమ్మ మాత్రం "బండి బాగైంది, రాజన్నకు మొక్కు చెల్లియ్యాలె" అని మళ్లీ కొబ్బరికాయ తెప్పించింది. మెకానిక్ పానాలు సర్దుకుంటూ అన్నాడు:

"కొట్టుండ్రి అమ్మా. బానెట్ మాత్రం మూసి కొట్టుండ్రి."